‘వియర్డ్’ చివరి డకారం

నేడు ‘వింతైన’ అనే అర్థంలో వాడుతున్న ‘వియర్డ్’ ప్రాచీన ఆంగ్లంలో విశేషణం కాదు; విధి అనే అర్థమున్న ‘విర్డ్’ అనే నామవాచకం. బేయోవుల్ఫ్ కావ్యనాయకుడు గ్రెండెల్ రాక్షసుడితో పోరుకు ముందు, విధి తన దారిన తాను సాగుతుందని చెబుతూ పలికినది ఈ మాటనే. షేక్స్‌పియర్ ‘మాక్‌బెత్’లో ‘వియర్డ్ సిస్టర్స్’ అంటే విధిని పలికే సోదరీమణులు. వారి వికృతరూపం మాటకు అంటుకుని, 19వ శతాబ్దంలో ‘వింత’ అనే అర్థం స్థిరపడింది.

ఇంతవరకు నిఘంటువులన్నీ చెబుతాయి. నాకు ఆసక్తి కలిగించేది చివరి డకారం. ‘విర్డ్’కు పుట్టుక ‘అగు’ అనే అర్థమున్న ‘వెయోర్థన్’ క్రియలో ఉంది (నుదుటి రాతను నమ్మేవారు గమనించాలి, ఇందులో రాత ఊసే లేదు). సంస్కృతంలోని ‘వృత్’ ధాతువు దీనికి సజాతి, అంటే ఒకే మూలం నుంచి పుట్టినది. ఆవర్తనం, పరివర్తన, చివరికి మన ఉత్పలమాల వృత్తం కూడా ఆ ధాతువు సంతానమే. మరి క్రియలో థకారం ఉండగా నామంలో డకారం ఎలా వచ్చింది?

సంస్కృతానికీ ఆంగ్లానికీ ఉమ్మడి తల్లి అయిన మూలభాషలోని తకారం, ఆంగ్లం, జర్మన్ వంటి జర్మానిక్ భాషల్లో, ‘థింక్’లో వినబడే ఊదుడు థకారంగా మారుతుందని యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు. డకారం ఆ సూత్రానికి లొంగలేదు. 1870ల దశకంలో డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ దీనికి సమాధానాన్ని వైదిక స్వరాల్లో కనుగొన్నాడు. ‘వృత్’ ధాతువుకు భూతకాలమైన ‘వవర్త’ అనే ఏకవచన రూపంలో ఉదాత్తం (హెచ్చు స్వరం) ధాతువు మీద, అంటే తకారానికి సరిగ్గా ముందున్న అచ్చు మీద ఉంటుంది. ‘వవృతిమ’ అనే బహువచన రూపంలో అది చివరి అచ్చుకు జరుగుతుంది. ప్రాచీన ఆంగ్లంలో వీటికి సాటివచ్చే భూతకాల రూపాలు ‘వెయర్థ్’, ‘వుర్డన్’. ఉదాత్తం వెంటనే ముందున్నచోట థకారం శ్వాసంగానే (గొంతు కంపించని ధ్వనిగానే) నిలిచింది. లేనిచోట నాదంగా (గొంతు కంపించే ధ్వనిగా) మారి, క్రమేణా డకారమైంది. ‘విర్డ్’ పూర్వరూపంలోనూ ఉదాత్తం ప్రత్యయం మీదే ఉండేది. తరువాత జర్మానిక్ భాషలు ఊనికను మొదటి అక్షరానికి తెచ్చుకోవడంతో కారణం చెరిగిపోయి, కార్యం మాత్రం మిగిలింది. వేదపాఠకులు స్వరాన్ని అక్షరమంత జాగ్రత్తగా కాపాడకపోయి ఉంటే ఈ నిరూపణకు ఇంత బలం ఉండేది కాదు.

సకారానికీ ఇదే గతి పట్టింది: నాదమై ‘జ్’గా, ఆపై రేఫగా మారింది. బడుల్లో ఏకవచనానికి ‘వాజ్’, బహువచనానికి ‘వర్’ అని కారణం చెప్పకుండా వల్లె వేయిస్తారు; ఆ రేఫ ఇలా వచ్చినదే. ఆ క్రియకు మూలధాతువు, నివాసం, వసతి అనే మాటల్లోని ‘వస్’కు సజాతి.