ఆరాకాస్ట్ వచ్చిందని టెలీకాయిల్‌ని వదులుకోవాలా?

కొత్త హియరింగ్ ఎయిడ్ చూడటానికి వెళ్లినవాళ్లకి ఇప్పుడు తప్పకుండా వినిపించే పేరు ఆరాకాస్ట్, అంటే బ్లూటూత్‌తో చేసే ఒక ప్రసార పద్ధతి. సినిమా హాల్లో, ఎయిర్‌పోర్టులో, సభల్లో మైకులోని మాట నేరుగా చెవి మిషన్‌లోకే వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. నిజమే, వస్తుంది. కానీ అదే నోటితో "అందుకే ఈ మోడల్‌లో టెలీకాయిల్ తీసేశారు, ఇక దాంతో పనిలేదు" అంటే మాత్రం ఆగి ఆలోచించాలి. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

టెలీకాయిల్ అంటే మిషన్ లోపల ఉండే సన్నని రాగి తీగ చుట్ట, అంతే. పాత ల్యాండ్‌లైన్ రిసీవర్ నుంచి కొంత అయస్కాంత క్షేత్రం బయటికి వచ్చేది, ఈ చుట్ట దాన్ని పట్టుకుని మాటగా మార్చేది. అదే సూత్రంతో హాలు చుట్టూ తీగ వేసి ఆంప్లిఫైయర్‌కి కలిపితే హాలు మొత్తం పనిచేస్తుంది. ఇలాంటి ఇండక్షన్ లూప్‌కి జోసెఫ్ పోలియాకాఫ్ బ్రిటన్‌లో 1937లోనే పేటెంట్ తీసుకున్నాడు. మిషన్‌ని "టి" మీద పెడితే దాని మైకు ఆగిపోతుంది, దాంతోపాటు చుట్టుపక్కల దగ్గులు, కుర్చీల చప్పుళ్లు, ఫ్యాన్ల హోరు పోయి వేదిక మీద మాట్లాడే గొంతు ఒక్కటే చెవిలో పడుతుంది. జత చేసుకోవడం, యాప్, పాస్‌వర్డ్ లాంటివేమీ లేవు. ఏ కంపెనీ మిషనైనా సరే, అందులో కాయిల్ ఉంటే చాలు.

లోపాలు లేవని కాదు. తల వంచితే సౌండ్ తగ్గుతుంది, పక్కన కరెంటు వైర్లుంటే "హమ్" అని మోత, పక్క హాల్లో కూడా లూప్ ఉంటే ఆ హాలు మాటలు ఈ హాల్లోకి వచ్చేస్తాయి. అయినా ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా అది నడుస్తోందంటే కారణం ఒకటే, అది ఎవరి సొంతమూ కాదు.

మొబైల్ ఫోన్లు వచ్చాక కష్టాలు మొదలయ్యాయి. జీఎస్ఎమ్ అనే డిజిటల్ పద్ధతిలో నడిచే ఫోన్ రేడియో సంకేతాన్ని సెకనుకి సుమారు 217 సార్లు తునకలుగా పంపేది, చెవి దగ్గర పెట్టగానే మిషన్‌లో "జర్ర్" మని మోగేది, అవతలి మనిషి మాట దాని కింద మునిగిపోయేది. అమెరికాలో 1988 నాటి హియరింగ్ ఎయిడ్ కంపాటిబిలిటీ చట్టం మామూలు టెలిఫోన్లకి నియమం పెట్టింది గానీ మొబైళ్లని వదిలేసింది. ఆ మినహాయింపుని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సడలించింది 2003లో. అంటే ప్రపంచమంతా మొబైల్‌కి అలవాటు పడుతున్న ఆ పదిహేనేళ్లూ చెవి వినపడనివాళ్ల సంగతి అడిగే నాథుడే లేడు.

ఈలోగా బ్లూటూత్ వచ్చింది, అందరూ హెడ్‌సెట్లు పెట్టుకున్నారు, మరి హియరింగ్ ఎయిడ్‌లో ఎందుకు పెట్టలేదు? బ్యాటరీ. శనగగింజంత ఉండే జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులతో రోజుల తరబడి నడవాలి, పాత బ్లూటూత్ దాన్ని గంటల్లో తాగేసేది. పైగా బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలని మన ఒంట్లో నీరు పీల్చేస్తుంది, కుడి చెవి నుంచి ఎడమ చెవికి మధ్యలో తల అడ్డం. అందుకని మెడలో వేసుకునే స్ట్రీమర్ అనే పెట్టె తయారైంది. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో తీసుకుని, అక్కడి నుంచి చెవికి అయస్కాంత ప్రేరణతో పంపేది. పనిచేసేది, కాదనను. కానీ మెడలో తాడు, దానికి వేరే ఛార్జింగ్, అది అయిపోతే ఫోన్ కాల్ కూడా లేదు. పెద్దవయసువాళ్లలో ఎంతమంది దాన్ని డ్రాయర్‌లో పడేసి ఉంటారో ఊహించుకోవచ్చు.

తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ 4.0 2010లో వచ్చింది గానీ, అందులో ఆడియోకి చోటు లేదు. దాని మీద ఆపిల్ తనకి తానుగా ఒక దారి వేసుకుంది, ఐఫోన్‌కి నేరుగా కలిసే మిషన్లు 2014లో అమ్మకానికి వచ్చాయి. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ "ఆషా" అనే ఇంకో పద్ధతి ప్రకటించింది 2018లో. హియరింగ్ ఎయిడ్లు తయారుచేసే ఫోనాక్ ఇవేవీ కాదని, సొంత చిప్‌తో పాత బ్లూటూత్‌నే చెవిలోకి తెచ్చింది. మూడు దారులూ ఇంజనీరింగ్‌గా గొప్పవే. కానీ మొదటి రెండు దారుల్లో వాడేవాళ్లకి జరిగిందేమిటంటే, చెవి మిషన్‌ని బట్టి ఫోన్ కొనుక్కోవాల్సి వచ్చింది. ఫోన్ పాడై ఇంకో బ్రాండ్‌కి మారితే, వేలకి వేలు పోసి కొన్న మిషన్‌లోకి కాల్స్ నేరుగా రాకపోవచ్చు. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే కళ్లజోడుని బట్టి పుస్తకం కొనుక్కోమని ఎవరూ చెప్పరు కదా.

యూరప్ హియరింగ్ ఎయిడ్ తయారీదారుల సంఘం, బ్లూటూత్ ప్రమాణాల సంస్థ ఉమ్మడిగా పనిచేద్దామని 2014లో ఒప్పందం చేసుకున్నాయి. దాని ఫలితమే ఎల్ఈ ఆడియో, అంటే తక్కువ కరెంటు బ్లూటూత్ మీదే ఆడియో పంపే ఉమ్మడి పద్ధతి. 2020 జనవరిలో ప్రకటించారు, స్పెసిఫికేషన్లన్నీ పూర్తయ్యేసరికి 2022 వచ్చింది. ఇప్పుడు మామూలు ఇయర్‌బడ్స్‌లోకి కూడా వస్తున్న ఈ టెక్నాలజీకి తొలి అడుగు పడింది చెవి వినపడనివాళ్ల అవసరం దగ్గరే, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్ (సౌండ్‌ని కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) తక్కువ డేటాతోనే మంచి సౌండ్ ఇస్తుంది, కాబట్టి బ్యాటరీ మిగులుతుంది. కుడి ఎడమ చెవులకి ఫోనే వేర్వేరుగా, ఒకే సమయానికి అందేలా పంపుతుంది. ఆరాకాస్ట్ ఇందులో ప్రసారం చేసే భాగం, ఒక ట్రాన్స్‌మిటర్ నుంచి ఎంతమందైనా వినొచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది, ప్రచారంలో దీని గురించి పెద్దగా చెప్పరు. లూప్‌లో ఆలస్యం దాదాపు సున్నా. డిజిటల్‌లో మాటని కుదించాలి, ప్యాకెట్లుగా పంపాలి, మళ్లీ విప్పాలి, దీనికంతా కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఇంట్లో పాట వినేవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. కానీ నాటకం చూస్తున్న మనిషికి కొంత వినికిడి మిగిలే ఉంటుంది, చెవి పూర్తిగా మూయని మోడల్ పెట్టుకుంటే నటుడి గొంతు గాలిలో ముందు వచ్చి, మిషన్‌లోంచి తర్వాత వస్తుంది, రెండూ కలిసి మాట మసకబారుతుంది. సెట్టింగులు జాగ్రత్తగా పెడితే దీన్ని బాగా తగ్గించొచ్చు, కాకపోతే హాలు నడిపేవాళ్లకి ఆ సంగతి తెలిసుండాలి. ఇంకోటి, లూప్‌కి ఒక్క మీట చాలు, ఆరాకాస్ట్‌కి ఫోన్‌లోనో రిమోట్‌లోనో ప్రసారాల జాబితా తెరిచి ఎంచుకోవాలి. ఎనభై ఏళ్లావిడకి చీకటి హాల్లో అది చిన్న పనేం కాదు.

ఎల్ఈ ఆడియో ఉన్న మిషన్లు 2023 నుంచి మార్కెట్లో ఉన్నాయి. 2024 అక్టోబరులో ఎఫ్‌సీసీ ఫోన్లన్నీ హియరింగ్ ఎయిడ్లకి అనుకూలంగా ఉండాలని, వాటిలో కొంత శాతం ఏ ఒక్క కంపెనీకీ చెందని బ్లూటూత్ పద్ధతితో కలవాలని నియమం చేసింది. మంచి పరిణామం. కానీ హాళ్లు, ప్రార్థనా మందిరాలు, టికెట్ కౌంటర్లు ఇంత త్వరగా మారవు, లూప్ వేసినచోట అది ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది.

కాబట్టి కొనేముందు మూడు విషయాలు గట్టిగా అడగండి. ఈ మోడల్‌లో టెలీకాయిల్ ఉందా, ఉంటే దాన్ని ఆన్ చేసి ప్రోగ్రామ్‌గా పెట్టిస్తారా, ఎందుకంటే లోపల కాయిల్ ఉండి కూడా ఎవరూ ఆన్ చేయని మిషన్లు బోలెడు. ఆరాకాస్ట్ ఇవాళే పనిచేస్తుందా, లేక అప్‌డేట్‌లో వస్తుందా? అప్‌డేట్ అంటే ఎప్పటిలోగా అన్నది బిల్లు మీద రాయించుకోండి.