గోడ మీది బొమ్మ నుంచి వచ్చిన పేరు

బానిసలను ఉంచుకున్న చిత్రకారుడు ఆడుబాన్ పేరు పక్షి రక్షణ సంఘాలకు ఉండొచ్చా అని అమెరికాలో నడిచే గొడవ చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. 2023 మార్చిలో నేషనల్ ఆడుబాన్ సొసైటీ బోర్డు ఓటు వేసి పాత పేరే ఉంచుకుంది. దాంతో సర్దుకుంటుందనుకున్నారు, సర్దుకోలేదు. ముగ్గురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. సియాటెల్ శాఖ ‘బర్డ్స్ కనెక్ట్ సియాటెల్’ అయింది. షికాగో, న్యూయార్క్ శాఖలు ‘బర్డ్ అలయన్స్’ అని మార్చుకున్నాయి.

జాన్ జేమ్స్ ఆడుబాన్ ఎవరో, ఆయన 435 పక్షి బొమ్మల పుస్తకం ‘బర్డ్స్ ఆఫ్ అమెరికా’ ఎంత గొప్పదో మళ్లీ చెప్పబోవడం లేదు. మీటరు పొడవు కాగితం మీద కూడా ఫ్లెమింగో మెడ వంచితే గానీ పట్టలేదు, ఆ ఒక్కటి గుర్తుంటే చాలు. నా లెక్కలో ఈ గొడవకు మూలం ఆయన బతికున్న రోజుల్లో లేదు, 1886లో ఉంది. అప్పటికి ఆయన పోయి 35 ఏళ్లు.

ఆ రోజుల్లో ఆడవాళ్ల టోపీల మీద ఈకలు, ఒక్కోసారి పక్షికి పక్షినే కుట్టేవారు. అందుకోసం కొంగలను గుంపులు గుంపులుగా చంపుతున్నారు. ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ పత్రిక ఎడిటర్ జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ దీన్ని ఆపడానికి ఒక సంఘం పెట్టాడు. పక్షులకు హాని చేయబోమని రాసిస్తే చాలు, సభ్యత్వం. చేరినవాళ్లు వేలల్లో ఉన్నారు. దానికి ఆయన ఆడుబాన్ పేరు పెట్టాడు.

పక్షులను కాపాడినందుకా? ఆడుబాన్ ముందు పక్షిని కాల్చి, తీగలు గుచ్చి గళ్ల పలక మీద నిలబెట్టి, అప్పుడు గీసేవాడు. ఆ కాలంలో అందరూ చేసిందే, తప్పు పట్టక్కర్లేదు. కానీ పక్షి రక్షణకు పేరివ్వాల్సిన పని కూడా కాదు.

కారణం గ్రిన్నెల్ చిన్నతనంలో ఉంది. అతను చిన్న పిల్లాడుగా ఉండగా వాళ్ల కుటుంబం మన్‌హట్టన్ ఉత్తరాన ఆడుబాన్ పార్కు అనే పేటకు మారింది. ఆడుబాన్ భార్య లూసీ అక్కడే కొడుకు ఇంట్లో ఒక పడకగదిలో బడి నడిపేది. పిల్లలకు ఆమె ‘ఆడుబాన్ మామ్మ’. గోడల మీద జింక కొమ్ములు, వాటికి తగిలించిన తుపాకులు, ఎటు చూసినా పక్షుల బొమ్మలు. గొర్రెపిల్లను పట్టిన గద్ద చిత్రం మీద ఈ పిల్లాడి కళ్లు పడ్డాయి. ఆ చిత్రం చివరికి అతనికే దక్కింది.

లూసీ సంగతీ చెప్పాలి. ఇద్దరు కొడుకులూ పోయారు, అప్పులు మిగిలాయి. 1863లో అసలు నీటిరంగుల బొమ్మలను న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీకి 4,000 డాలర్లకు ఇచ్చేసింది. అచ్చుకు వాడిన రాగి రేకులు తుక్కు కింద పోయాయి. కనెక్టికట్‌లో వాటిని కరిగిస్తున్న చోట 14 ఏళ్ల కుర్రాడొకడు రేకు మీద పక్షిని గుర్తుపట్టి అడ్డుపడకపోతే ఇంకా చాలా కొలిమిలోకి పోయేవి.

భర్త గురించి ఆమె చెప్పిందే ఆ పిల్లలు విన్నారు. తర్వాత మనవరాలు మరియా 1897లో తాతగారి డైరీలను బాగా సవరించి అచ్చువేయించింది. అసలు డైరీల్లో కొన్నింటిని తగలబెట్టింది కూడా.

ఇప్పుడు మాట్లాడుతున్నవన్నీ ఆ ఇంట్లో వినపడనివి. కెంటకీలోని హెండర్సన్‌లో వ్యాపారం చేసిన రోజుల్లో ఆడుబాన్‌కు బానిసలు ఉండేవారు. 1819లో ఇద్దరు బానిసలతో పడవలో మిసిసిపీ మీదుగా న్యూ ఆర్లియన్స్ వెళ్లి, పడవతో పాటు వాళ్లనూ అమ్మకానికి పెట్టాడు. వెస్టిండీస్‌లో బానిసలకు విముక్తి ఇచ్చి బ్రిటన్ తొందరపడిందని 1834లో భార్యకు రాశాడు. తలల కొలతలతో జాతుల తెలివిని తేల్చే శామ్యూల్ మోర్టన్‌కు పుర్రెలు సేకరించి పంపాడు. బొమ్మల మీదా అనుమానాలున్నాయి. కొత్త జాతి అంటూ వేసిన ‘బర్డ్ ఆఫ్ వాషింగ్టన్’ గద్ద వేరే పుస్తకంలోని బొమ్మకు కాపీ అని 2020లో ఒక పరిశోధకుడు వాదించాడు.

పేరు ఉంచాలనేవాళ్ల మాట ఒక్కటే: ఈ పేరు ఇప్పుడు ఒక మనిషిది కాదు, ఒక ఉద్యమానిది.

మన కలివికోడి గుర్తొస్తుంది. ఇంగ్లీషులో అది బ్రిటిష్ కాలపు డాక్టర్ జెర్డన్ పేరు మోస్తోంది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికినప్పుడు ఆ పేరే పేపర్లకు ఎక్కింది. కలివి పొదల్లో తిరిగే కోడి అని ఊరివాళ్లు ఎప్పుడో పేరు పెట్టేశారు, దానికి ఏ బోర్డు ఓటూ అక్కర్లేకపోయింది.

ఫ్రేము కట్టిన ఆడుబాన్ బొమ్మ ఇంట్లో ఉన్నవాళ్ల టెన్షన్ వేరు, ధర పడిపోతుందేమోనని. నిజానికి ఇళ్లలో ఉన్నవి చాలావరకు లండన్‌లో హావెల్ అచ్చువేసిన మొదటి ప్రతులు కావు, 1840లలో ఫిలడెల్ఫియాలో వేసిన చిన్న సైజువో తర్వాతి కాపీలో. ఫ్రేము వెనక అట్ట తీసి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడండి. ‘జె. వాట్‌మన్’ అన్న నీటిగుర్తు, అంచుల్లో రాగిరేకు నొక్కిన గీత ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. అలాంటి అచ్చుల పూర్తి సెట్టు ఒకటి 2010లో లండన్‌లో 70 లక్షల పౌండ్లు దాటింది.

లూసీ బడి నడిపిన ఆ పేటలోనే, 155వ వీధి శ్మశానంలో ఆడుబాన్ సమాధి ఉంది. చుట్టుపక్కల షాపుల షట్టర్ల మీద ఇప్పుడు వాతావరణ మార్పుతో ముప్పున్న పక్షుల బొమ్మలు వేస్తున్నారు. దాని పేరు ఆడుబాన్ మ్యూరల్ ప్రాజెక్ట్.