బల్బుకు శక్తి ఏ దారిన వస్తుంది?

మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించే ఈఏపీసెట్‌ను దాటి బీటెక్‌లో చేరిన విద్యార్థికి, ఇంటర్మీడియట్‌లో చదివిన విద్యుదయస్కాంతత్వమే డైవర్జెన్స్ (క్షేత్రం ఒక బిందువు నుంచి ఎంత వెలికి విస్తరిస్తుందో చెప్పేది), కర్ల్ (ఎంత సుడి తిరుగుతుందో చెప్పేది) అనే కొత్త వేషంలో మళ్లీ ఎదురవుతుంది. గణితం బరువెక్కిందని చాలామంది సరిపెట్టుకుంటారు. అంతకంటే పెద్ద మార్పు మరొకటి ఉంది. అప్పటిదాకా లెక్కల సౌలభ్యం కోసం బాణం గుర్తులతో గీసుకున్న క్షేత్రం, ఇక్కడినుంచి శక్తిని మోసుకుపోయేదిగా మారుతుంది. నా అభిప్రాయంలో మొదటి సంవత్సరంలో తడబడేవారిలో ఎక్కువమంది తడబడేది ఈ మలుపు దగ్గరే.

ఎలక్ట్రాన్లే తీగ వెంట పరుగెత్తి బల్బుకు శక్తిని అందిస్తాయన్న ఊహ ఎంతవరకు నిలుస్తుందో, ఇంటర్ సూత్రంతోనే లెక్కవేసి చూడవచ్చు. ఘనపు మీటరు రాగిలో దాదాపు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యం గల రాగితీగలో ఒక ఆంపియర్ విద్యుత్తు ప్రవహిస్తున్నప్పుడు వాటి డ్రిఫ్ట్ వేగం, అంటే అవి తీగ వెంట సగటున ముందుకు జరిగే వేగం, సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటర్లు. ఏకముఖ విద్యుత్తు అయితే అయిదు మీటర్ల తీగను దాటడానికి ఒక ఎలక్ట్రాన్‌కు 19 గంటలు పడుతుంది. ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జ్ ఏకాంతర విద్యుత్తులోనైతే అది మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా కదలకుండా, ఉన్నచోటనే ఊగుతూ ఉంటుంది. స్విచ్ వేయగానే బల్బు మాత్రం వెలుగుతుంది.

ఈ చిక్కుకు 1884లో భౌతికశాస్త్రవేత్త జాన్ హెన్రీ పాయింటింగ్ సమాధానం చూపాడు: శక్తి ప్రవహించేది తీగ చుట్టూ ఉన్న క్షేత్రాల గుండా. దాదాపు అదే కాలంలో, కాలేజీ మెట్లెక్కని ఒకప్పటి టెలిగ్రాఫ్ ఉద్యోగి ఆలివర్ హెవిసైడ్ కూడా స్వతంత్రంగా అక్కడికే చేరుకున్నాడు. విద్యుత్, అయస్కాంత క్షేత్రాల నియమాలను చెప్పే, ఈనాడు మనం నాలుగుగా రాసుకునే మాక్స్‌వెల్ సమీకరణాలకు ఆ పొందికైన రూపం ఇచ్చినవాడు కూడా అతనే. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం అనే రెండు సదిశల సదిశా లబ్ధం, శక్తి ఏ దిశలో ఎంత వేగంగా ప్రవహిస్తున్నదో చెబుతుంది.

ఒక నిటారైన నిరోధక తీగను తీసుకుందాం. దాని ఉపరితలం దగ్గర విద్యుత్ క్షేత్రం వోల్టేజీని పొడవుతో భాగించగా వచ్చేది. అది తీగ వెంబడే ఉంటుంది. అయస్కాంత క్షేత్ర తీవ్రత విద్యుత్ ప్రవాహాన్ని తీగ చుట్టుకొలతతో భాగించగా వచ్చేది. అది తీగను చుట్టుకుని ఉంటుంది. కుడిచేతి నియమం ప్రకారం వీటి లబ్ధం నేరుగా తీగ అక్షం వైపు చూపుతుంది. ఆ లబ్ధాన్ని తీగ పక్కతల వైశాల్యంతో, అంటే చుట్టుకొలతను పొడవుతో హెచ్చించినదానితో గుణిస్తే, హారంలో ఉన్న పొడవు, చుట్టుకొలత కొట్టివేయబడి వోల్టేజీ, ప్రవాహాల లబ్ధం మిగులుతుంది. తీగను వేడెక్కించే శక్తి, పైసా తేడా లేకుండా, పక్కలనుంచి లోపలికి వచ్చినదే! ఎలక్ట్రాన్లు అనవసరమని దీని అర్థం కాదు. తీగల ఉపరితలం మీద పేరుకునే స్వల్ప ఆవేశాలు, లోపలి ప్రవాహం కలిసే ఆ క్షేత్రాలకు రూపమిస్తాయి.

రెండు ఎదురెదురు పలకల మీద ఆవేశాన్ని నిల్వచేసే కెపాసిటర్ ఆవేశితమవుతున్నప్పుడూ ఇంతే. పలకల మధ్య ఖాళీని ఏ ఎలక్ట్రానూ దాటదు, అయినా మారుతున్న విద్యుత్ క్షేత్రం అక్కడ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. విద్యుత్ ప్రవాహం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుందని చెప్పే ఆంపియర్ నియమానికి మాక్స్‌వెల్ 1860లలో చేర్చిన పదం ఇదే. ఆ ఖాళీలోకి కూడా శక్తి అంచుల నుంచే చేరుతుంది.

ఏకాంతర విద్యుత్తు దిశ మార్చుకున్న ప్రతిసారీ శక్తి కూడా వెనక్కి మళ్లాలి కదా అన్న సందేహం సహజమే. బల్బు విషయంలో రెండు క్షేత్రాలూ ఒకేసారి తిరగబడతాయి కనుక, వాటి లబ్ధం దిశ మారదు. తీగచుట్టలున్న ఫ్యాన్‌లో ప్రవాహం వోల్టేజీ కంటే కొంత వెనకబడుతుంది. అందువల్ల ప్రతి ఆవర్తనంలోనూ కాసేపు శక్తి నిజంగానే వెనుదిరిగి సరఫరా వైపు పోతుంది. వోల్టేజీ, ప్రవాహాల లబ్ధంలో నిజంగా వినియోగమయ్యే వంతును చెప్పే పవర్ ఫ్యాక్టర్ అనే పాఠం అక్కడ మొదలవుతుంది.