మల్టిపుల్ మైలోమా: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇది ఎముకల క్యాన్సర్.

కాదు, రక్త క్యాన్సర్. ఎముకల లోపలి మజ్జలో ప్లాస్మా కణాలు ఉంటాయి. యాంటీబాడీలను తయారుచేసేవి అవే. ఆరోగ్యవంతుల మజ్జలో ఇవి మామూలుగా 5 శాతం లోపే. వాటిలో ఒకటి అదుపు తప్పి, తనలాంటి కణాలనే పుట్టిస్తూ పోతే అది మైలోమా.

మరి ఎముకలెందుకు విరుగుతాయి? ఎముక నిత్యం ఒకపక్క అరుగుతూ, ఇంకోపక్క కొత్తగా ఏర్పడుతూ ఉంటుంది. మైలోమా కణాలు అరగదీసే కణాలను రెచ్చగొట్టి, నిర్మించే కణాలను అణిచేస్తాయి. దాంతో ఎముకకు చిల్లులు పడతాయి, వెన్నుపూసలు కుంగిపోతాయి. ఇక్కడో చిక్కుంది. మామూలు బోన్ స్కాన్‌లో కొత్త ఎముక ఏర్పడే చోట్లే ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. అందుకే మైలోమా ఉన్నా ఆ రిపోర్టు నార్మల్ అని రావచ్చు. తక్కువ డోసు సీటీ, పెట్-సీటీ, ఎమ్మారైలను నమ్ముకోవడం మేలు.

అపోహ: యాంటీబాడీలు ఎక్కువుంటే ఇమ్యూనిటీ ఎక్కువే కదా!

ఆ రోగకణాలన్నీ ఒకే రకం ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. రకరకాల క్రిములను ఎదుర్కోవడానికి అది పనికిరాదు. పైగా అసలైన యాంటీబాడీలు తగ్గిపోతాయి. న్యుమోనియా మళ్లీమళ్లీ వచ్చేది అందుకే.

అపోహ: మూత్రంలో ప్రొటీన్ లేదన్నారు, కిడ్నీలకు ఢోకా లేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ ధీమానే. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ ప్రధానంగా అల్బుమిన్‌నే పట్టుకుంటుంది. మైలోమాలో కిడ్నీని దెబ్బతీసేవి లైట్ చైన్లు, అంటే యాంటీబాడీల విడి ముక్కలు. అవి కిడ్నీలోని సన్నని గొట్టాల్లో గడ్డకట్టి అడ్డుపడతాయి. స్ట్రిప్‌కు అవి దొరక్కపోవచ్చు. ఫ్రీ లైట్ చైన్ రక్తపరీక్ష, ప్రొటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్ (ప్రొటీన్లను విడదీసి చూసే పరీక్ష) చేయించాలి. నడుంనొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వాడితే కిడ్నీ మరింత పాడవుతుంది.

అపోహ: ఎముకలు బలహీనం కాబట్టి కాల్షియం మాత్రలు వేసుకోవాలి.

డాక్టర్ చెప్పకుండా వద్దు. కరిగిన ఎముక నుంచి కాల్షియం ఇప్పటికే రక్తంలోకి చేరుతుండొచ్చు. అది ఎక్కువైతే కనిపించే విపరీతమైన దాహం, మలబద్ధకం, తికమక ఉంటే వెంటనే పరీక్ష చేయించాలి.

అపోహ: రక్తంలో ఎం-ప్రొటీన్ (పైన చెప్పిన ఒకే రకం ప్రొటీన్) కనిపిస్తే క్యాన్సరే.

కానక్కర్లేదు. ఆ ప్రొటీన్ ఉన్నా ఇంకా క్యాన్సర్ కాని ఎంజీయూఎస్ అనే దశ ఉంది. అందులో ఏడాదికి సుమారు 1 శాతం మందికే అది మైలోమాగానో, అలాంటి మరో జబ్బుగానో మారుతుంది. మందులు అక్కర్లేదు, క్రమం తప్పకుండా పరీక్షలు చాలు.

అపోహ: ట్రాన్స్‌ప్లాంట్‌కి మూలకణాలిచ్చే తోబుట్టువులు దొరకాలి.

మైలోమాలో సాధారణంగా వాడేది రోగి సొంత మూలకణాలనే. ముందే సేకరించి దాచి, హైడోస్ మెల్ఫలాన్ అనే కీమో మందు ఇచ్చాక తిరిగి ఎక్కిస్తాం.