సీమంతానికి ఊరంతా, నొప్పులకి ఒక్కతే: కాన్పు గదిలో నేను వినే అపోహలు

రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి సంతాన రొట్టె అందుకునే జంటల గురించి నెల్లూరోళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ జనంలో ఎక్కడ తప్పిపోతుందోనని ఆయన ఆమె చెయ్యి వదలడు. కడుపు పండాక చలిమిడి, గాజులు, సీమంతం, మూడొందల మందికి భోజనాలు. తీరా నొప్పులొచ్చిన రాత్రి ఆ పిల్ల కాన్పు గదిలో ఒక్కతే. ఇంటిల్లిపాదీ బయట బెంచీ మీద.

ఈ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పందొమ్మిదేళ్ళుగా కాన్పు గది నర్సుని. అందుకే ముందు ఈ సంగతితోనే మొదలుపెడతాను.

అపోహ: పక్కన అయినవాళ్ళుంటే గారాలు పోతుంది, కాన్పు లేటవుతుంది.

వాస్తవం: జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. 26 అధ్యయనాలు, 15 వేల మందికి పైగా తల్లుల వివరాలు కలిపి 2017లో పరిశీలించారు. నొప్పులు పడుతున్నంతసేపూ ఒక మనిషి తోడున్నవాళ్ళకి మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయం కూడా తగ్గింది. కారణం మన ఒంట్లోనే ఉంది. గర్భసంచిని బిగించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. భయపడితే అడ్రినలిన్ అనే ఇంకో హార్మోను ఊరుతుంది, అది ఊరేకొద్దీ ఆక్సిటోసిన్ పని మందగిస్తుంది. భయపడ్డ పిల్లకి నొప్పులు ఆగి ఆగి రావడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

ఉదయగిరి వైపు నుంచి తొలి కాన్పుకి వచ్చిన ఒకమ్మాయి. గర్భసంచి ముఖద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకుంది, అక్కడి నుంచి మూడు గంటలు కదల్లేదు. పళ్ళు బిగబట్టి గోడకేసి చూస్తూ పడుకుంది. డాక్టరమ్మతో చెప్పి వాళ్ళ జేజిని లోపలికి పిలిపించాను. ఆ ముసలామె ఒక్క ధైర్యం మాట కూడా చెప్పలేదు. పిల్లని కూర్చోబెట్టి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, అరచేత్తో నడుం కింద ఒకేచోట గట్టిగా అదిమి పట్టింది. నొప్పి పోయాక వదిలేది, మళ్ళీ రాగానే పట్టేది. మధ్యలో గుక్కెడు మజ్జిగ. తెల్లవారేలోపు కాన్పయింది. ప్రతిసారీ ఇలాగే అవుతుందని చెప్పను. కానీ ఆ నడుం పట్టే చెయ్యి మా దగ్గర లేదు. ఒక్క షిఫ్టులో నలుగురైదుగుర్ని చూసేవాళ్ళం మరి.

తోడుండే మనిషిని లోపలికి రానివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ఆడమనిషి, తను కూడా కని ఉన్నది, అంటురోగాలు లేనిది, ఉతికిన బట్టలు కట్టుకున్నది అయితే చాలు. మంచానికీ మంచానికీ మధ్య తెరలుండే చోట భర్తని కూడా రానివ్వొచ్చు. అన్ని చోట్లా ఇది సరిగా జరగడం లేదన్నది నిజమే. అందుకే ముందే అడగండి.

అపోహ: నొప్పులప్పుడు అరిస్తే బలం పోతుంది, సిగ్గు కూడా.

వాస్తవం: ఈ మాట నేనూ అన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సీనియర్లు అంటుంటే అదే పద్ధతి అనుకుని గదమాయించాను. ఒకామె డిశ్చార్జయ్యేటప్పుడు నావైపు చూడకుండా వెళ్ళిపోయింది. మూలిగినా, అరిచినా బలం ఏమీ పోదు. గదమాయిస్తే మాత్రం పిల్ల బిగుసుకుపోతుంది.

వెల్లకిలా కదలకుండా పడుకోవాలన్నదీ తప్పే. ఇబ్బందేమీ లేని కాన్పయితే నడవొచ్చు, కూర్చోవచ్చు, ఎడమ పక్కకి తిరిగి పడుకోవచ్చు, మంచినీళ్ళో మజ్జిగో తాగొచ్చు. బిడ్డ త్వరగా దిగాలని పైపొట్ట నొక్కమని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. దానివల్ల తల్లికీ బిడ్డకీ దెబ్బ తగలొచ్చు.

అపోహ: బాగా తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది. ఐరన్ బిళ్ళలు వేసుకుంటే నల్లగా పుడుతుంది.

వాస్తవం: ఈ రెండు మాటలూ కలిసి మా ప్రాణం తీస్తాయి. మెట్ట మండలాల నుంచి వచ్చే చాలామందిలో రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఎనిమిది, తొమ్మిది గ్రాముల దగ్గరే ఉంటుంది. గర్భిణికి పదకొండు ఉండాలి. కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. ఒంట్లో నిండుగా ఉన్నామె తట్టుకుంటుంది, లేనామెకి అదే ప్రాణం మీదికొస్తుంది. బిళ్ళ వేసుకున్నాక విరేచనం నల్లగా అవుతుంది కదా, ఈ పుకారు అక్కడే పుట్టిందని నా అనుమానం. అది ఒంటికి పట్టని ఇనుము, అంతే. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. కుంకుమపువ్వు పాలకి పెట్టే డబ్బుతో గుడ్లు కొనండి.

ఎర్రగా ఉండే ఐరన్ బిళ్ళ నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. టీ, కాఫీలతో వద్దు, కాల్షియం బిళ్ళతో కలిపి అసలొద్దు. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. చేపల పులుసు మాన్పించే అత్తగార్లకి ఒక మాట: నెత్తళ్ళలాంటి చిన్న చేపలు బాగా ఉడికించి పెట్టండమ్మా, మంచిదే.

గ్రహణం మొర్రి గ్రహణం వల్ల రాదు. ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే కణం. ఇంత చెప్పినా ఆడపిల్ల పుట్టిందనగానే బెంచీ దగ్గర మొహాలు వాడిపోతాయి. ఆ కబురు చెప్పేటప్పుడు నేను కావాలనే గొంతు పెంచుతాను.

అపోహ: ముర్రుపాలు పిండి పారబోయాలి. బాలింతకి నీళ్ళివ్వకూడదు.

వాస్తవం: చిక్కగా, పసుప్పచ్చగా వచ్చే ఆ పాలే బిడ్డకి మొదటి రక్షణ. పుట్టిన గంటలోపే పట్టించాలి. తేనె, పంచదార నీళ్ళు వద్దు. బాలింతకి పొట్ట పెరుగుతుందని నీళ్ళు ఆపితే దప్పికతో నాలుక పిడచగట్టుకుపోతుంది, మలబద్ధకం తోడవుతుంది. దాహమేసినంత తాగనివ్వండి.

తలనొప్పితో చూపు మసకబారినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా మంచి రోజు చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక లోపలికి ఎవరు రావాలన్నది సీమంతం రోజే ఆ పిల్లనే అడగండి. పోయిన నెల ఒకమ్మాయి అమ్మనీ కాదని, అత్తనీ కాదని ఎదురింటి అక్క పేరు చెప్పింది. అత్తగారి మొహం కాస్త చిన్నబోయింది. ఆ అక్క తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లాస్కుతో దిగింది. నాక్కూడా ఒక గ్లాసు కాఫీ పోసింది.