క్రికెట్ వెళ్లిపోయాక ఫతే మైదాన్

ఎల్బీ స్టేడియంలో పెద్ద సభ ఉందంటే బషీర్‌బాగ్ చుట్టుపక్కల వాళ్లకి ముందురోజే తెలిసిపోతుంది. ట్రాఫిక్ మళ్లింపుల ప్రకటన వస్తుంది. లారీల్లోంచి బారికేడ్లు, ప్లాస్టిక్ కుర్చీల దొంతరలు దిగుతుంటాయి. షూస్ బ్యాగు భుజాన వేసుకుని ప్రాక్టీసుకి వచ్చే పిల్లలకి ఆ రెండు మూడు రోజులూ మైదానం ఉండదు. సభ అయిపోయాక ఎప్పుడూ ఉండే చర్చే మళ్లీ మొదలవుతుంది: స్టేడియం ఉన్నది ఆటలకా, సభలకా?

నేను ఆటల పక్షమే. కానీ ఈ మైదానం చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఇక్కడ ఎప్పుడూ ఆటలే జరిగాయని అనలేరు. అసలు ఆ నేల పేరే యుద్ధంతో ముడిపడి ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు మొగలు సైన్యం ఇక్కడ విడిది చేసిందనీ, కోట చిక్కాక ఈ చోటికి ఫతే మైదాన్, అంటే విజయ మైదానం, అని పేరొచ్చిందనీ చెబుతారు. ఆసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడారు. 1950లో హైదరాబాద్ క్రికెట్ సంఘం సికింద్రాబాద్ జింఖానా నుంచి ఇక్కడికి మారింది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు, ఎల్బీ అంటే అదే. మా నాన్న మాత్రం చివరిదాకా ఫతే మైదాన్ అనే అనేవారు.

1955 నవంబరులో ఇక్కడ జరిగిన మొదటి టెస్టు న్యూజిలాండ్‌తో. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు కొట్టిన మొదటి డబుల్ సెంచరీ అది. ఆ మ్యాచ్‌తోనే టెస్టుల్లోకి వచ్చిన కృపాల్ సింగ్ కూడా సెంచరీ చేశాడు. సుభాష్ గుప్తే ఒకే ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీశాడు.

1969 టెస్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మళ్లీ న్యూజిలాండే. మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 89కే ఆలౌటయ్యారు. గెలవడానికి 268 కావాల్సి ఉండగా చివరిరోజు 76 పరుగులకే ఏడు వికెట్లు పోయాయి. అప్పుడు వాన కురిసింది. తర్వాత ఎండ కాసినా మైదానం ఆరబెట్టే పని నత్తనడక నడిచింది. చూసి చూసి న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ తానే నీళ్లు తుడవడానికి దిగాడు. ఆట మళ్లీ మొదలవలేదు, మ్యాచ్ డ్రా అయింది. మనకి గర్వకారణం కాదు కానీ ఆ రోజు ఆటంతా ఆ నేల తడి మీదే ఆధారపడింది. పిచ్ ఎలా ఉంది, గడ్డి ఎంత ఉంది, నీళ్లు ఎక్కడ నిలిచాయి అని అందరూ పట్టించుకున్నారు. ఆ పట్టింపే తర్వాత తర్వాత కనుమరుగైంది.

1983 జనవరి 9న నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఈ స్టేడియంలోనే, జనం మధ్య. రాజ్‌భవన్‌లో పిలిచినవాళ్ల ముందు జరిగే తంతు మైదానానికొచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 10న ఇక్కడే భారత్, పాకిస్తాన్ వన్డే ఆడాయి. ప్రపంచ కప్ గెలిచాక సొంతగడ్డ మీద మన జట్టుకి అదే మొదటి వన్డే. జనవరిలో జనసముద్రం, సెప్టెంబరుకి పచ్చటి ఔట్‌ఫీల్డ్. మధ్యలో ఎనిమిది నెలలున్నాయి. అంతకంటే ముఖ్యంగా, మైదానాన్ని బాగుచేసి తీరాల్సిన అవసరం ఉంది. అంతర్జాతీయ మ్యాచ్ ఉందంటే గడ్డి ఎండిందనో గుంతలు పడ్డాయనో చెబితే ఊరుకోరు. ఆ గడ్డికి క్రికెటే కాపలా కాసింది.

1987 మార్చిలో పాకిస్తాన్‌తో ఇంకో వన్డే. రెండు జట్లూ 44 ఓవర్లలో 212 పరుగులే చేశాయి. చివరి బంతికి రెండో పరుగు కోసం పరిగెత్తిన అబ్దుల్ ఖాదిర్ రనౌటయ్యాడు. ఒక వికెట్ తక్కువ పోగొట్టుకున్నందుకు మనం గెలిచాం. ఆ చివరి ఓవర్ టెన్షన్ గురించి ఇప్పటికీ చెప్పుకునే పెద్దవాళ్లు ఈ ఊళ్లో కనిపిస్తారు. 1999 నవంబరు వన్డేలో సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగుల భాగస్వామ్యం. అదీ న్యూజిలాండ్ మీదే. ఇక్కడ జరిగిన మూడు టెస్టులూ ఆ జట్టుతోనే. తర్వాత ఉప్పల్‌లోని కొత్త స్టేడియంలో 2010లో జరిగిన తొలి టెస్టు కూడా వాళ్లతోనే!

ఎల్బీలో చివరి వన్డే 2003 నవంబరులో జరిగింది. స్టేడియం ప్రభుత్వానిది, ముప్ఫై వేల మందికి మించి పట్టదు, నగరం నడిబొడ్డు కావడంతో పెంచడానికి చోటు లేదు. క్రికెట్ సంఘానికి తనదంటూ ఒక స్టేడియం కావాల్సి వచ్చింది. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో వన్డే జరగడంతో ఉప్పల్ అంతర్జాతీయ వేదికైంది. ఆ తర్వాత ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్) పోటీలు ఎల్బీకి కొన్నాళ్లు సందడి తెచ్చాయి, అంతే.

నా దృష్టిలో అసలు మలుపు క్రికెట్ ఉప్పల్‌కి వెళ్లిపోవడమే. సభలు అంతకుముందూ ఉన్నాయి. కానీ ఆ గడ్డి కోసం గట్టిగా 'వద్దు' అనగలిగే ఆట ఇక్కణ్ణుంచి వెళ్లిపోయింది. మిగిలింది అథ్లెటిక్స్, ఫుట్‌బాల్, వేసవి శిబిరాల పిల్లలు. వాళ్ల మాట ఎవరికి వినబడుతుంది? 2013లోనే చూడండి. ఆగస్టు 11న నరేంద్ర మోదీ సభ, సెప్టెంబరు 7న ఏపీఎన్జీవోల సమైక్య సభ, అక్టోబరు 26న జగన్ సమైక్య శంఖారావం. రెండున్నర నెలల్లో, అదీ వానాకాలంలో, మూడు మహాసభలు. 2016లో తొమ్మిది వేల మందికి పైగా ఆడపడుచులు ఒకేచోట బతుకమ్మ ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. 2017 డిసెంబరులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ప్రభుత్వ ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ వేడుకలు, సినిమా ఫంక్షన్లు సరేసరి. 2004లో వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రమాణం చేసి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టింది ఇక్కడే. 2009లో ఆయన రెండో ప్రమాణం, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ప్రమాణం కూడా ఇక్కడే. 2024 అక్టోబరులో డీఎస్సీ టీచర్లకి నియామక పత్రాలిచ్చిందీ ఇక్కడే.

ఎందుకు ఇక్కడే అంటే కారణాలున్నాయి. అసెంబ్లీ పక్కనే. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు నడిచి రావచ్చు. చుట్టూ గ్యాలరీ, గేట్లు ఉన్నాయి కాబట్టి జనాన్ని అదుపు చేయడం పోలీసులకి తేలిక. తెలుగు మహాసభలకి నేనూ వెళ్లాను. ప్రాంగణానికి పాల్కురికి సోమన పేరు పెట్టారు. గ్యాలరీలో కూర్చుని పద్యాలు వింటుంటే ఒళ్లు పులకరించింది. కాబట్టి సభలే వద్దని నేననను.

మైదానానికి ఏమవుతుందో మాత్రం దగ్గర్నుంచి చూశాను. మా అన్నయ్య కూతురు పరుగు నేర్చుకునేది నగరంలోని వేరే మైదానంలో. ఒకసారి అక్కడ ఏదో వేడుక అయిన మర్నాడు పొద్దున్నే దాన్ని దింపడానికి వెళ్లాను. వేదిక వేసినచోట గాలీ వెలుతురూ లేక గడ్డి పాలిపోయి నేలకి అతుక్కుపోయింది. లారీ టైర్ల గాడుల్లో మట్టి రాయిలా బిగుసుకుంది. అలాంటిచోట నీళ్లు పోస్తే ఇంకవు, వేరు దిగదు. గుంజలు పీకిన గుంతల్ని పైపైన మట్టితో కప్పారు, కాలు వేస్తే దిగబడుతోంది. కోచ్ గారు ఆ రోజు పరుగు పెట్టించలేదు. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, తలలు వంచి ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడిపించారు. 'బాబాయ్, చూడు' అంటూ మా పిల్ల వచ్చి అరచెయ్యి చాపింది. టెంటు మేకులు, సీసా మూతలు, ఒక వంగిన గుండుసూది.

ఎల్బీ ప్రాంగణం ఈ పిల్లల్లాంటి వాళ్లని ఎంతమందిని తయారు చేసిందో మరిచిపోకూడదు. తొంభైల చివర్లో సైనా నెహ్వాల్ బ్యాడ్మింటన్ మొదలుపెట్టింది ఇక్కడే. వాళ్ల నాన్న తెల్లవారుజామునే స్కూటర్ మీద ఇరవై కిలోమీటర్లకి పైగా తీసుకొచ్చేవారు.

గచ్చిబౌలి స్టేడియం కథ కొంచెం వేరు. 2002 జాతీయ క్రీడల కోసం అక్కడ అథ్లెటిక్స్, ఇండోర్ స్టేడియాలు విడివిడిగా కట్టారు కాబట్టి ఒకదాని పని ఇంకోదానికి అంతగా అడ్డు రాదు. 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు, 2023లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ ఇండోర్‌లో జరిగాయి. బయటి మైదానం హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్‌కి, ఇళయరాజా కచేరీకి వేదికైంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అక్కడి స్పోర్ట్స్ టవర్‌ని టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. అలాంటి అవసరానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఎల్బీ విషయంలో నేను కోరేది పెద్దదేం కాదు. ఏడాది మొత్తానికి సభల తేదీలు ముందే ప్రకటించాలి, కోచ్‌లు ఆ రోజులకి వేరే మైదానం చూసుకుంటారు. ఒక సభకీ ఇంకో సభకీ మధ్య గడ్డి కోలుకునేంత ఎడం ఉండాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. బుకింగ్ సొమ్ములో కొంత ఆ నేలకే ఖర్చు పెట్టాలి. గుంజలు పీకినవాళ్లే మేకులు ఏరాలి, పిల్లలు కాదు.