పెళ్లి ఫొటోలు మింగిన పెన్‌డ్రైవ్

బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక సందు చివర, ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండని రిపేరు షాపు. ఓనరుది హిందూపురం. మా చెల్లెలి పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ ఇస్తే కంప్యూటర్‌కి పెట్టాడు. ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగింది. వద్దని నొక్కి, నా వైపు తిరిగి, “ఇదొక్కదాంట్లోనే పెట్టుకున్నారా సార్?” అన్నాడు. మూడేళ్లుగా బీరువాలో, నగల పెట్టె పక్కనే ఉంది. కింద పడలేదు, తడవలేదు. మరెలా పోయింది?

దాని పుట్టుకలోనే సగం జవాబుంది. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో, కరెంటు తీసేసినా డేటాను పట్టి ఉంచే ఫ్లాష్ మెమరీ చిప్‌ను బయటి ప్రపంచానికి చూపించారు. మన పెన్‌డ్రైవ్‌లలో ఉండే నాండ్ రకం 1987లో వచ్చింది. డేటాను ఒక్క ఊపులో చెరిపేయడం చూసి, తోటి ఇంజినీరుకి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిందట. పేరు అలా పడింది. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ ప్రమాణం 1996లో వచ్చింది. ఇంటెల్‌లో దాన్ని రూపొందించినవారిలో మన దేశంలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యులు. 2000లో సింగపూర్ కంపెనీ ట్రెక్ ‘థంబ్‌డ్రైవ్’ పేరుతో పెన్‌డ్రైవ్ తెచ్చింది. అదే ఏడాది ఇజ్రాయెల్ కంపెనీ ఎం-సిస్టమ్స్ చేసిన 8 ఎంబీ డ్రైవ్‌ను ఐబీఎం అమ్మింది. 1.44 ఎంబీ ఫ్లాపీలు మోసుకు తిరిగినవాళ్లకు అదే పెద్ద సంబరం. ఫైలును ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు చేరవేసే సంచీ అది. బీరువాగా మార్చుకున్నది మనం.

చిప్ లోపల కోట్ల కొద్దీ సెల్స్ ఉంటాయి. ఒక్కోటీ ఎలక్ట్రాన్లు నింపుకునే చిన్న కుండ అనుకోండి. చుట్టూ ఉన్న పల్చటి ఆక్సైడ్ పొరే కుండ గోడ. రాసినప్పుడు, చెరిపినప్పుడు ఎలక్ట్రాన్లు ఆ గోడలోంచే దూరి వెళ్తాయి. వెళ్లిన ప్రతిసారీ గోడ కాస్త దెబ్బతింటుంది. మొదట్లో కుండ నిండిందా, ఖాళీయా అని చూస్తే సరిపోయేది. అలాంటి సెల్స్ లక్షసార్లు రాసినా తట్టుకునేవి. తర్వాత ధర తగ్గించడానికి అదే కుండలో నాలుగు మట్టాలు, ఆపైన ఎనిమిది, ఇప్పుడు పదహారు మట్టాలు కొలుస్తున్నారు. కొద్దిగా ఇంకినా లెక్క తప్పుతుంది. ఓర్పు లక్ష నుంచి కొన్ని వేలకు, చవక రకాల్లో వెయ్యికో అంతకంటే కిందికో దిగింది. పెన్‌డ్రైవ్ చవకైన కథా, తొందరగా పోయే కథా ఒకటే.

ఇంకడానికి వాడాల్సిన పని కూడా లేదు. కరెంటు అందకుండా ఏళ్లు పడి ఉంటే చార్జ్ మెల్లగా కారిపోతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. ఎండలో కారు డ్యాష్‌బోర్డులో పాటల పెన్‌డ్రైవ్ వదిలేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మాది బీరువాలోనే ఇంకిపోయిందని షాపాయన అనుమానం.

మిగతా జబ్బులు ఆయనకు రోజూ కనిపించేవే. ల్యాప్‌టాప్‌కి ఉండగానే మోచెయ్యి తగిలి లోపల సోల్డరింగ్ విరిగినవి (వీటిలో డేటా తరచూ దక్కుతుంది). కాపీ అవుతుండగానే లాగేస్తే, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక సగంలో ఆగిపోయినవి. 2018 అక్టోబరు అప్‌డేట్ నుంచి విండోస్ 10 వెంటనే తీసేందుకు వీలైన పద్ధతిలోనే డ్రైవ్‌ను నడుపుతోంది గానీ, రాస్తుండగా లాగితే ఏదీ కాపాడదు. ఎజెక్ట్ కొట్టడానికి ఎంతసేపు? ఇక మారతహళ్లిలో రెజ్యూమె ప్రింటుకని జిరాక్స్ షాపుకి తీసుకెళ్తే, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మార్చే వైరస్ అంటించుకొచ్చినవి. నకిలీలు మరీ ఘోరం. లోపల డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్ సైజు అబద్ధం చెబుతుంది, అసలు చోటు నిండాక రాసిందంతా గాల్లో కలుస్తుంది. కొన్న రోజే పూర్తిగా నింపి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి.

ఆయన మాత్రం ముందు డ్రైవ్ మొత్తానికి నకలు తీసుకున్నాడు. “దెబ్బ తిన్నదాని మీద ఇంకేం రాయకూడదు సార్, రాస్తే ఉన్నదీ పోతుంది” అని, నకలు మీదే వెతికాడు. సాయంత్రానికి చాలా ఫొటోలు బయటికొచ్చాయి. తలంబ్రాల ఫొటోలో పైకెత్తిన నాలుగు చేతులు స్పష్టంగా ఉన్నాయి. మొహాలు ఉండాల్సిన కింది సగమంతా బూడిదరంగు.